ఇటుక రంగు వచ్చేదాకా

పప్పు ఉడకలేదని మా ఆయన కంచం పక్కకి నెట్టారు.

"గింజలు గింజలుగా తగుల్తోంది కల్పనా. కుక్కరు పొయ్యి మీద పెట్టి ఫోను పట్టుకు కూర్చుంటే ఇంతే."

"ఫోను పొద్దుట్నుంచీ చార్జింగులో ఉంది. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ఎదురింటివాళ్ళని అడగండి, చెప్తారు."

"మరి పప్పు ఎందుకు ఉడకలేదు?"

"అది పప్పునడగాలి."

మా అమ్మాయి జెన్నీ మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని భుజాలు కదలడం చూసి ఆయనకి కోపం ఇంకాస్త పెరిగింది.

"మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండినా వెన్నలా ఉండేది."

"అత్తయ్యగారు పప్పు ఎప్పుడు వండారండీ? చేపలు దొరకని రోజున కదా!"

ఆ మాటకి ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేనేమో మిగిలిన కందిపప్పు సంచీలో వేసుకుని వీధి చివర జగన్మోహనరావు గారి కొట్టుకి వెళ్ళాను.

"అదే బస్తాలోంచి మీ పక్కింటివాళ్ళకీ ఇచ్చానమ్మా. వాళ్ళేమీ అనలేదే" అన్నాడాయన.

"వాళ్ళకి పళ్ళు గట్టివేమో."

"మార్చమంటే మారుస్తాను. కానీ పప్పులో మాత్రం లోపం లేదండీ."

ఉందని వాదించి వేరే పప్పు తెచ్చుకున్నాను. అదీ ఉడకలేదు.

ఏప్రిల్‌లో కాలవల్లో నీళ్ళు కట్టేశాక బందరులో ఎప్పుడూ ఇంతే. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన నీళ్ళు చెరువు వాసన వేస్తాయి. బోరు వేస్తే ఉప్పు. అందుకని ఊళ్ళో సగం మంది టిన్ను నీళ్ళ మీద బతుకుతారు. మా ఇంటి ముందరి రేకుల షెడ్డులో మా ఆయన శామ్యూల్ రాజ్ వాటర్ ప్లాంటు నడుపుతారు. బోరు నీళ్ళు ఒకవైపు నుంచి లోపలికి వెళ్ళి, ఫిల్టర్ల గుండా దూరి, మంచినీళ్ళయి రెండోవైపు వస్తాయి. ఎలీషా అనే అతను ఆటోలో ఇళ్ళకి వేసి వస్తాడు. ఆదివారం చర్చికి మేము ఊరికే ఇస్తాం. కోడూరులో మా ఆడపడుచు దగ్గర ఉండే మా అత్తగారికి వారం వారం నాలుగు టిన్నులు వెళ్తాయి. అక్కణ్ణుంచి రొయ్యల లోడుతో వచ్చే వ్యాను తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోతుంది కదా, దాంట్లో వేస్తారు. మా ఇంట్లో తాగడానికీ వండడానికీ కూడా అవే నీళ్ళు. ప్లాంటు పెట్టుకుని కొళాయి నీళ్ళతో వండుతామా?

జెన్నీ బందరులోనే బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో చిన్న ప్రాజెక్టు చేసి రిపోర్టు ఇవ్వాలి. మా ఊళ్ళో జనం తాగే నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలవడం అది తీసుకున్న పని. ఒక మధ్యాహ్నం అది స్నానానికి వెళ్తే బల్ల మీద రికార్డు తెరిచి ఉంది. చదివాను. అందమైన దస్తూరి. కింద ఎర్ర గీత కొట్టి ఫలితం కూడా రాసి ఉంది: టిన్ను నీళ్ళు అన్నిటికన్నా శుభ్రమైనవి, తరవాత కొళాయి నీళ్ళు, ఆఖరున బోరు నీళ్ళు.

తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ ప్రయోగం ఎప్పుడు చేశావే?"

"సోమవారం చేస్తామమ్మా."

"చెయ్యకుండానే ఫలితం వచ్చేసిందా?"

"మా సీనియర్ హర్షిణక్క రికార్డు ఇచ్చింది. ప్రతి ఏడూ అదే వస్తుంది. ముందే ఫెయిర్ చేసి పెట్టుకుంటే రీడింగులు తరవాత వెనక్కి లెక్కేసి వేసుకోవచ్చు. అందరం అంతే."

"ప్రతి ఏడూ అదే వస్తుందా, ప్రతి ఏడూ అదే రాస్తున్నారా?"

తువ్వాలు ఆపి నా వంక చూసింది. "హర్షిణక్కకి వాళ్ళ సీనియర్ ఇచ్చింది" అంది నెమ్మదిగా.

నేనూ ఆ కాలేజీలోనే ఆ చదువే చదివాను. ఉద్యోగం చెయ్యలేదు. కానీ కొలత లేకుండా నేను కాఫీ పొడి కూడా వెయ్యను. ఆ పేజీ నెమ్మదిగా, చిరక్కుండా కుట్టు దగ్గర నుంచి విప్పి తీసేశాను.

"అమ్మా! నాలుగు గంటలు పట్టింది నాకది!"

"ఇంకో నాలుగు పడుతుంది. కూర్చో. ఏం చేస్తావో చెప్పు."

"నీళ్ళు తీసుకుని పరీక్షిస్తాం."

"ఏ నీళ్ళు?"

"టిన్ను నీళ్ళు."

"ఎవరి టిన్ను?"

"మనదే. ఇంకెవరిది?"

"అయితే అది రాయి. ఏ ప్లాంటు, ఏ రోజు పట్టావు, ఏ పైపు దగ్గర పట్టావు. కొళాయి అయితే ఏ వీధి కొళాయి. నీ రిపోర్టు చేతిలో పెడితే, నిన్నేమీ అడక్కుండా నేను మళ్ళీ చెయ్యగలగాలి. మధ్యలో ఎక్కడైనా నాకు అనుమానం వచ్చిందంటే నువ్వు సరిగ్గా రాయనట్టే."

"నువ్వు మా సార్ కన్నా ఘోరం అమ్మా."

అప్పుడే లోపలికొచ్చిన మా ఆయన విన్నారు. పప్పు కోపం అప్పటికి తగ్గింది. "మన ప్లాంటు పేరు కాలేజీ రిపోర్టులోనా? రాయమ్మా, బాగా పెద్దక్షరాలతో రాయి. ఖర్చులేని పబ్లిసిటీ" అని నవ్వారు.

మూడు సీసాలు కడిగి, ఆరబెట్టి, ప్లాస్టరు ముక్కల మీద నేనే పేర్లు రాసి అంటించాను.

ఆ వారమే మా అత్తగారు రమణమ్మ గారిని గుడివాడ తీసుకెళ్ళాల్సి వచ్చింది. కాళ్ళ వాపు. కోడూరు నుంచి వచ్చి పదిహేను రోజులుగా మా ఇంట్లోనే ఉన్నారు. డాక్టరు బి.పి. చూసి మందు పెంచారు. పాదం మీద వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ గుంట వంక కాసేపు చూసి, తలెత్తి నా వంక చూశారు.

"వంట ఎవరు చేస్తారమ్మా?"

"నేనేనండీ."

"ఉప్పు తగ్గించమన్నాను గదా పోయినసారి."

నేను నోరు తెరిచేలోపు అత్తయ్యగారే అందుకున్నారు. "తగ్గించడమా బాబూ? ఎండుచేప మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఈ అమ్మాయి నాకు విడిగా గిన్నెలో చప్పిడి కూర వండుద్ది. దాన్ని మింగడానికి చెంబుడు నీళ్ళు తాగాలి."

"నీళ్ళు ఎక్కువ తాగుతున్నారా?"

"ఈ ఎండలకి తాగకపోతే ఎట్టా? మా అబ్బాయి ప్లాంటు నీళ్ళే బాబూ. తియ్యగా ఉంటాయి."

"అయితే మంచిదే" అని కాగితం మీద ఏదో రాసుకున్నారు. మేము లేవబోతుంటే మళ్ళీ అన్నారు. "ఎక్కణ్ణుంచో వస్తోందమ్మా ఉప్పు. పెద్దవాళ్ళు చాటుగా తింటారు. కాస్త కనిపెట్టి చూడండి."

రైల్లో అత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "నేను దొంగతనంగా తింటున్నాననే కదా ఆయన చెప్పింది" అన్నారు పెడన దాటాక. లేదని చెప్పాను గానీ ఇంటికి రాగానే ఆవకాయ జాడీ మూతకి కట్టిన గుడ్డ విప్పి, నాకే తెలిసేలా వేరే ముడి వేశాను. మర్నాడు చూశాను, ఆ మర్నాడూ చూశాను. నా ముడి నేను వేసినట్టే ఉంది.

సోమవారం జెన్నీ కాలేజీ నుంచి వచ్చేసరికి వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే ఎండ తగలగానే నల్లగా మారుతుంది, కడిగినా పోదు. నాకా మచ్చలు చూసి ముచ్చటేసింది. అది మాత్రం చెప్పులు విసిరేసి కుర్చీలో కూలబడింది.

"సీసాలు తారుమారయ్యాయమ్మా. కొళాయి నీళ్ళ కంటే టిన్ను నీళ్ళలో ఉప్పెక్కువ వచ్చింది."

"సీసాలు ఎలా మారతాయి? పేర్లు నేను రాశాను."

"సార్ కూడా అదే అన్నారు, మార్చేసుకుని ఉంటారని. టిన్నుదాన్లో కొళాయిది, కొళాయిదాన్లో టిన్నుది వేసి రాసెయ్యమన్నారు. అప్పుడు హర్షిణక్క ఫలితంతో సరిపోతుంది."

"నేను అంటించిన పేరు తప్పు కాదు."

"మరి డాడీ నీళ్ళు తప్పా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అది అంత నమ్మశక్యం కాని మాట.

అయినా కొలత మీద మాట వచ్చాక నాకు కుదురుండదు. గురువారం మళ్ళీ సీసాలు నింపాను. కొళాయిది కొళాయి దగ్గర, బోరుది మోటారు దగ్గర, టిన్నుది షెడ్డులో జనం పట్టుకునే పైపు దగ్గర. ఈసారి నేనూ కాలేజీకి వెళ్ళాను. సెలవులు కావడంతో ల్యాబ్ ఖాళీగా ఉంది. ఆ వాసన మాత్రం నా రోజుల్లో ఉన్నదే. సోమేశ్వరరావు సార్ మా తరవాత చేరినాయన. మర్యాదస్తుడు. నాకు స్టూలు వేయించారు.

"మీలాంటి పేరెంట్స్ అరుదండీ. సీసాల కోసం ఇంత దూరం వచ్చారా?"

"పేర్లు నేనే రాశానండి. అందుకని."

జెన్నీ ముందు కొళాయి నీళ్ళు ఫ్లాస్కులో తీసుకుని నాలుగు చుక్కలు పొటాషియం క్రోమేట్ వేసింది. నీళ్ళు పచ్చగా, నిమ్మపండు రంగులోకి వచ్చాయి. పైన గీతలున్న గాజు గొట్టం, బ్యూరెట్‌లోంచి సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతోంది. నీళ్ళలో ఉప్పు ఉన్నంతసేపూ పచ్చగానే ఉంటుంది. అంతా అయిపోయాక పడిన చుక్కకి ఇటుక రంగు వచ్చి నిలుస్తుంది. ఎంత మందు పడితే అంత ఉప్పున్నట్టు. కొళాయి నీళ్ళకి ఎంతో సేపు పట్టలేదు. ఇటుక రంగు వచ్చి నిలబడింది. జెన్నీ కన్ను గీతకి సమంగా వంచి చూసి రాసుకుంది.

తరవాత టిన్ను నీళ్ళు. చుక్కలు పడుతున్నాయి. పచ్చగానే ఉంది. కొళాయి నీళ్ళ దగ్గర ఆగిన గీత దాటిపోయింది. "ఇప్పుడొస్తుంది" అన్నారు సార్. రాలేదు. చుక్క పడినచోట ఎర్రగా మెరిసి, తిప్పగానే మాయమవుతోంది. ఆయన స్టూలు మీద నుంచి లేచి దగ్గరకొచ్చారు. నేను బ్యూరెట్ వంకే చూస్తున్నాను. దాంట్లో మందు దిగిపోతూనే ఉంది. జెన్నీ ఒకసారి నా మొహంలోకి చూసి మళ్ళీ ఫ్లాస్కు వైపు తిరిగింది. దాని చెయ్యి మాత్రం ఆగలేదు, చుక్క తప్పిపోలేదు. చాలాసేపటికి ఇటుక రంగు వచ్చింది.

మళ్ళీ చేసింది. అంతే వచ్చింది. బోరు నీళ్ళు ఎలాగూ ఎక్కువ. టిన్ను నీళ్ళు కొళాయికీ బోరుకీ నడుమ నిలిచాయి.

సార్ గొంతు తగ్గించారు. "ప్లాంటు మీదే కదమ్మా?"

"అవునండి."

"రీడింగులు అలాగే ఉంచమనండి. చక్కగా చేసింది పాప. కాకపోతే... పేరు అక్కర్లేదులెండి. 'టిన్ను నీళ్ళు' అంటే చాలు. దానికి మార్కులేమీ తగ్గవు."

ఆయన నా మేలు కోరే అన్నారు. తల ఊపాను కాబోలు. బయటకొచ్చి ఆటో ఎక్కాం. కోనేరు సెంటర్ దగ్గర మా టిన్నులు వేసుకుని ఎలీషా ఎదురొచ్చాడు. హారన్ కొట్టి, చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి, మందు పాతదై ఉంటుందనుకున్నాను. బ్యూరెట్ సరిగ్గా కడగలేదనుకున్నాను. అప్పుడు వంటింట్లో పప్పు డబ్బా కనిపించింది. బోరు నీళ్ళలో పప్పు ఉడకదు.

ఒకే డబ్బాలోంచి, ఒకే గ్లాసుతో, రెండు కుక్కర్లలోకి కొలిచాను. ఒకదాంట్లో టిన్ను నీళ్ళు, రెండోదాంట్లో కొళాయి నీళ్ళు, అదే గ్లాసుతో. రెండు పొయ్యిలూ ఒకే మంట. కూతలు సమంగా రానిచ్చి ఒకేసారి దించాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "రెండు కుక్కర్లెందుకమ్మాయ్, చుట్టాలొస్తున్నారా?" అని అడిగారు.

"లేదత్తయ్యా. ఊరికే."

ఆవిరి పోయాక మూతలు తీశాను. టిన్ను నీళ్ళ పప్పు గింజ గింజగా నా మొహంలోకి చూస్తోంది. రెండోదాంట్లో గరిటె పెట్టాను. పప్పు గరిటె చుట్టూ ముద్దగా కూలిపోయింది. దాన్నలా కలుపుతూనే ఉన్నాను, కలపాల్సిన అవసరం లేకపోయినా.

షెడ్డులో మోటారు మోగుతోంది. ఖాళీ టిన్నులు వరసలో ఉన్నాయి, మనుషులు నీడకి వెళ్ళి నిలబడ్డారు. మా ఆయన మెడలో తడి తువ్వాలుతో పైపు దగ్గరున్నారు. పొద్దున సీసాలు నింపడానికి తప్ప ఆ షెడ్డులోకి నేనెప్పుడూ వెళ్ళను. నన్ను చూసి కనుబొమలెగరేశారు. వెనక ఫిల్టర్ల వైపు నడిచాను, ఆయన నా వెనకే వచ్చారు. బోరు పైపులోంచి ఇంకో సన్నపైపు పక్కకి చీలి, ఫిల్టర్ల చుట్టూ తిరిగి, సరాసరి మంచినీళ్ళ ట్యాంకులోకి దిగి ఉంది. మధ్యలో ఒక వాల్వు.

"ఇదేంటండీ?"

"అదా? రుచికి. ఉత్త ఫిల్టరు నీళ్ళు చప్పగా ఉంటాయని జనం గొడవ. కాస్త బోరు నీళ్ళు కలిపితే నాలుకకి తగుల్తాయి. అన్ని ప్లాంట్లలోనూ ఉంటుందే."

"కాస్తంటే?"

"వాల్వు కొద్దిగా తిప్పుతాం."

"ఇప్పుడెంత తిప్పి ఉంది?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, మొహం మీద ఏమీ లేకపోయినా. నేను వాల్వు మీద చెయ్యి వేసి తెరిచే వైపు తిప్పి చూశాను. అది కదల్లేదు. ఇక తిరగడానికి లేదు.

"ఎప్పట్నుంచి?"

"కాలవలు కట్టినప్పట్నుంచి. ఫిల్టర్లు లాగలేకపోతున్నాయి కల్పనా. గంటకి వచ్చేది పది మందికి చాలదు. బయట చూడు ఎంతమందున్నారో. చంటిపిల్లల్ని చంకనేసుకుని ఈ ఎండలో వస్తారు. ఖాళీ టిన్నుతో వెళ్ళమని ఎట్టా చెప్పను? మొదట రెండ్రోజులే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పైగా బాగున్నాయన్నారు."

ఆ మాటలు వింటూ ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. అబద్ధం చెప్పే మనిషి కాదు. అప్పుడూ చెప్పడం లేదు.

"డాక్టరు గారు ఉప్పు ఎక్కణ్ణుంచో వస్తోందన్నారు" అన్నాను.

"ఎవరికి?"

"అత్తయ్యగారికి."

బోర్లించిన టిన్ను ఒకటి కాలితో దగ్గరకి లాక్కుని దాని మీద కూర్చున్నారు. బయట ఎవరో, "శామ్యూలు గారూ, ధార ఆపేశారేంటి? నిద్రోయారా?" అని కేకేశారు. ఆయన లేవలేదు. కాసేపటికి చెయ్యి చాపి వాల్వు మూసేశారు. మోటారు హోరు కొంచెం మారింది.

"జెన్నీ చూసిందా?"

"అదే చేసింది. రెండుసార్లు చేసింది."

"రిపోర్టులో ప్లాంటు పేరు వద్దని చెప్పు. ఇప్పుడు మూసేశాను గదా. మూసేశాక పేరెందుకు?"

నేను లోపలికి వచ్చేశాను.

శనివారం జెన్నీ రిపోర్టు తెచ్చి నా పక్కన పెట్టింది. సోమవారం ఇవ్వాలి. చదివాను. ఒక్క అనుమానం రాలేదు. ఏ సీసా ఎప్పుడు నింపారు, మొదటిసారి సీసాలు మారాయనుకుని ఎందుకు మళ్ళీ చేశారు, రెండోసారి ఎవరెదురుగా చేశారు, చుక్క చుక్కకి ఏం కనిపించింది, అన్నీ ఉన్నాయి. హర్షిణి రికార్డులో ఉన్న ఫలితానికీ దీనికీ తేడా ఉందని కూడా రాసింది. అందులో ఒక్క గొప్ప మాట లేదు, ఒక్క తిట్టు లేదు. టిన్ను నీళ్ళు ఎక్కడివి అన్నచోట మాత్రం ఖాళీ వదిలింది.

"అదేం?"

"నువ్వు చెప్పమ్మా. అందరూ వద్దంటున్నారు. సార్ వద్దన్నారు. డాడీ నిన్న నా దగ్గరకొచ్చి రెండు నిమిషాలు నిలబడి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. అడిగినా బాగుండేది." గోళ్ళ కింద నల్లమచ్చ గీకుతూ కూర్చుంది. "పేరు లేకపోతే మళ్ళీ ఎవరైనా చెయ్యాలంటే ఎక్కడికెళ్ళాలో తెలీదు. పేరుంటే రేపు కాలేజీలో అందరూ చదువుతారు. ఎలీషా బాబాయికి ఇల్లు గడిచేది ఆ ఆటో మీదే."

"ఇంకో రోజుందిగా" అన్నాను. అంతకన్నా నాకేమీ తోచలేదు.

వాల్వు మూశాక షెడ్డు ముందు గొడవ పెద్దదయింది. ధార సన్నబడిందని, ముఖం చూసి నింపుతున్నారని నోటికొచ్చినట్టు అన్నారు. ఆయన అందరి మాటలూ పడ్డారు. ఎందుకు సన్నబడిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మా టిన్నుల చుట్టూ పిల్లలు మూగారు. పాస్టరు గారు ఎప్పటిలాగే మా కుటుంబం పేరు చెప్పి, దాహం తీర్చే చేతుల్ని దేవుడు దీవించాలని ప్రార్థించారు. మా ఆయన తల దించుకుని ఉన్నారు. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ టిన్నులు వాల్వు మూశాక నింపినవే. కానీ దీవెన అంతకు ముందు ఆదివారాలకీ వర్తిస్తుంది గదా.

మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. కోడికూర, చారు. అత్తయ్యగారికి ఆవిడ గిన్నె. ఆయన అన్నం కెలుకుతున్నారు గానీ తినడం లేదు. నేను అందరికీ వడ్డించి నా కంచంలో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకాసేపు ఆగితే నోరు పెగలదనిపించింది.

"జెన్నీ రేపు రిపోర్టు ఇచ్చేస్తుంది. అందులో ప్లాంటు పేరు ఉంటుంది. ఎవరి ప్లాంటో ఉంటుంది" అన్నాను.

జెన్నీ తినడం ఆపింది. ఆయన తలెత్తలేదు.

"ఏం రిపోర్టు?" అన్నారు అత్తయ్యగారు. "మన ప్లాంటు గురించా? ఏం రాసిందేంటి?"

జెన్నీయే నాయనమ్మ వైపు తిరిగింది. పెద్దావిడకి అర్థమయ్యేలా, ఏమీ దాచకుండా, ఏమీ పెంచకుండా చెప్పింది. "మన టిన్ను నీళ్ళు, కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు తీసుకెళ్ళి ఉప్పు ఎంతుందో చూశాను నాయనమ్మా. కొళాయి నీళ్ళకన్నా మన నీళ్ళలో చాలా ఎక్కువుంది. రెండుసార్లు చూశాను. కాలవలు కట్టినప్పట్నుంచి మొన్న గురువారం దాకా వాటిలో బోరు నీళ్ళు కలిశాయి."

అత్తయ్యగారు కాసేపు తన గ్లాసు వంక చూశారు. తరవాత కాళ్ళ వంక చూసుకున్నారు. ఆ తరవాతే కొడుకు వంక చూశారు.

"అబ్బాయ్. నాకు వ్యానులో పంపినయ్యీ అయ్యేనా?"

"అవేనమ్మా."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తారనుకున్నాను. రెండూ జరగలేదు. ఆయన ఎంగిలి చెయ్యి కంచం అంచు మీద పెట్టి, మెల్లగా, కూడబలుక్కుంటున్నట్టు అన్నారు.

"రేపు షెడ్డు తెరవను. ఫిల్టర్లు మార్చేదాకా తెరవను. పేరు ఉండనీ జెన్నీ. కానీ కాలేజీ వాళ్ళు చదివి చెప్పేదాకా ఉండటం నాకిష్టం లేదు. ఎలీషా ఆటో ఏ ఇంటి ముందు ఆగిందో ఆ ఇంటికల్లా నేనే వెళ్తాను. ఏం కలిపానో, ఎన్నాళ్ళు కలిపానో నేనే చెప్తాను. తిడితే తిడతారు. రేపు పొద్దున్నే మన వీధితో మొదలుపెడతాను."

జెన్నీ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నేను చారు గిన్నె దాని వైపు జరిపాను.

"మన వీధి కాదు. ముందు కోడూరు వెళ్ళు" అన్నారు అత్తయ్యగారు.

"కోడూరెందుకమ్మా? అక్కడ తాగింది నువ్వూ, చెల్లెలూ వాళ్ళేగా. ఇక్కడున్న నీకు చెప్పేశాను. చెల్లికి ఫోన్లో చెప్తాను."

"వారానికి నాలుగు టిన్నులు మేమే తాగుతామట్రా?" ఆవిడ కంచం పక్కకి నెట్టారు. "మా వీధిలో ఎవరింట్లో మంచినీళ్ళున్నాయి? ఎదురింటి బాలింతకి రోజూ చెంబుడు పంపించాను. ఏసుపాదం గారికి మందులేసుకోడానికి ఇచ్చాను. ఉప్పునీళ్ళు తాగకండర్రా, మా అబ్బాయి నీళ్ళు తాగండని నేనే గడప గడపకీ తిరిగి పోశాను. నీ పేరు చెప్పి పోశాను."